ఉల్లిపొర నుంచి కార్నియా దాకా: హైస్కూలు పిల్లలకు కణజాల ఇంజనీరింగ్ ఎలా బోధించాలి

కణజాల ఇంజనీరింగ్ పాఠాన్ని వీపు మీద మనిషి చెవి ఉన్న ఎలుక బొమ్మతో మొదలుపెట్టడం తేలిక. నేను మొదటి ఏడాది అలాగే మొదలుపెట్టాను. తరగతి అంతా ముందుకు వంగి చూసింది, అరగంట సేపు ప్రశ్నలు ఆగలేదు. పీరియడ్ ముగుస్తుండగా వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "మా తాతయ్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేస్తున్నారు టీచర్, ఇలాగే ఒక కిడ్నీ పెంచి పెట్టలేరా?" అని అడిగింది. "ఇంకా అంతవరకు రాలేదమ్మా" అన్నాను. ఎందుకు రాలేదో చెప్పడానికి ఆ రోజు నేను చెప్పిన పాఠంలో ఒక్క వాక్యం కూడా లేదు.

మరుసటి ఏడాది పాఠాన్ని మొదటి నుంచి తిరగరాసుకున్నాను. చర్మాన్ని, కంటి పైపొరను ప్రయోగశాలలో పెంచి రోగులకు అమర్చగలిగినవారు మూత్రపిండాన్ని, గుండెను ఎందుకు పెంచలేకపోతున్నారన్న ప్రశ్నే ఇప్పుడు నా పాఠానికి వెన్నెముక. ఆ ప్రశ్నకు జవాబు పదో తరగతి పిల్లలకు అందని చోట లేదు. వారు చదివిన విసరణలోను (పదార్థం ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి దానంతట అదే పాకడం), రక్తకేశనాళికలలోను, ఉపరితల వైశాల్యానికి ఘనపరిమాణానికి మధ్య ఉన్న నిష్పత్తిలోను ఉంది. అందువల్ల తొమ్మిదో తరగతిలో జంతు కణజాలాలు, పదో తరగతిలో రవాణా, విసర్జన పాఠాలు పూర్తయిన తరువాతనే దీనిని ఎత్తుకోవడం మంచిది. ఆరు పీరియడ్లు చాలు, కాని వాటిని ఒకే వారంలో కుక్కకుండా రెండు మూడు వారాల మీద పరుచుకోవాలి, ఎందుకంటే నానబెట్టవలసినవి, ఆరబెట్టవలసినవి మధ్యలో చాలా ఉంటాయి.

మొదటి పీరియడ్‌లోనే పిల్లలందరి చేత ఒక కాగితం మీద ఆ అమ్మాయి ప్రశ్నకు తమకు తోచిన జవాబు రాయించి, దిద్దకుండా దాచిపెట్టండి. దాని అవసరం చివర్లో వస్తుంది.

పందిరి పాఠం

1993లో రాబర్ట్ లాంగర్, జోసెఫ్ వకాంటి అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి ఒక స్పష్టమైన రూపం ఇచ్చింది. జీవకణాలు కావాలి, అవి పట్టుకుని పెరగడానికి ఒక ఆధారం కావాలి, ఎప్పుడు విభజన చెందాలో ఎప్పుడు ఏ రకం కణంగా మారాలో చెప్పే సంకేతాలు కావాలి. ఆ ఆధారాన్ని పరిశోధకులు స్కాఫోల్డ్ అంటారు. తరగతిలో నేను దానిని పందిరి అనే పిలుస్తాను. బీర విత్తు నాటి వదిలేస్తే తీగ నేల మీద చిందరవందరగా పాకుతుందని, పందిరి వేస్తే అదే తీగ ఒక ఆకారంలో అల్లుకుంటుందని, అయితే పందిరి ఎంత బాగున్నా పాదుకు నీళ్లు అందకపోతే ప్రయోజనం లేదని పల్లెటూరి పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ పోలికకు ఉన్న హద్దు కూడా అప్పుడే చెప్పాలి. పెరటి పందిరి తీగతో పాటు నిలిచి ఉంటుంది, కాని శరీరంలో వాడే పందిళ్లలో ఎక్కువ భాగం, కణాలు తమ సొంత కొల్లాజెన్‌ను, అంటే కణజాలాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ పోగులను, స్రవించి తమ కాళ్ల మీద తాము నిలబడగలిగే సరికి మెల్లగా కరిగిపోయేట్టు తయారవుతాయి. శస్త్రచికిత్స తరువాత వాటంతట అవే కరిగిపోయే కుట్లను చూసినవారు తరగతిలో ఒకరైనా ఉంటారు, ఆ దారాన్ని తయారుచేసే పదార్థాలే చాలా పందిళ్లలోనూ వాడతారు.

తరగతికి ఎండిన నేతిబీరకాయ ఒకటి తీసుకెళ్లండి. తొక్క ఒలిచి గింజలు దులిపేస్తే మిగిలే పీచును చేతికిచ్చి, కాయలో ఏది పోయింది, ఏది మిగిలింది అని అడగండి. తరువాత దాని మీద చెంచాడు రంగునీళ్లు పోయించండి. నీళ్లు పై నుంచి కింది దాకా దిగిపోతాయి. ఖాళీ గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉండబట్టే దిగుతున్నాయని పిల్లలే చెబుతారు. మంచి పందిరికి ఉండవలసిన మొదటి లక్షణం అదే. మూసుకుపోయిన బుడగలున్న థర్మోకోల్ ముక్క మీద అదే నీరు పోస్తే పైనే నిలిచిపోతుంది, తేడా కళ్ల ముందే తేలుతుంది.

రావి ఆకులను రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి, మెత్తబడిన పచ్చని భాగాన్ని పాత టూత్‌బ్రష్‌తో కడిగేస్తే మిగిలే ఈనెల వలను పుస్తకాల్లో దాచుకున్న పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. దానిని చూపించి, 2017లో అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్ సంస్థ పరిశోధకులు చేసిన పని చెప్పండి. వారు పాలకూర ఆకు కాడ గుండా డిటర్జెంటు ద్రావణాన్ని పంపి ఆకులోని కణపదార్థాన్ని కడిగేశారు. గాజులా పారదర్శకంగా మిగిలిన ఆకులో ఈనెలు చెక్కుచెదరలేదు, వాటి గుండా ద్రవం ప్రవహించింది, దాని మీద ఉంచిన మానవ గుండె కండర కణాలు సంకోచించాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రావి ఆకులో సూక్ష్మజీవులు మెత్తని భాగాన్ని కణకవచాలతో సహా తినేస్తాయి. పాలకూర ప్రయోగంలో కణం లోపలి సరుకు మాత్రమే పోయి సెల్యులోజ్ గోడలు అలాగే నిలుస్తాయి. రెండింటినీ ఒకటే అన్నట్టు చెప్పి వదిలేస్తే తరువాతి ప్రయోగం అర్థం కాదు.

ఉల్లిపొర ప్రయోగం

ఖాళీ చేసిన ఇల్లు ఎలా ఉంటుందో పిల్లలు తమ కళ్లతో చూడాలి. దీనికి ఖరీదైన సామగ్రి ఏదీ అక్కరలేదు, ఎనిమిదో తరగతి నుంచి చేస్తున్న ఉల్లిపొర స్లైడే సరిపోతుంది. ఉల్లిపొరలో ఒకే వరుస కణాలు ఉండటం వల్ల డిటర్జెంటు ప్రతి కణాన్నీ నేరుగా తాకుతుంది, ఆపిల్ ముక్కలతో చేసినట్టు రోజుల తరబడి వేచి ఉండనక్కరలేదు.

ప్రతి జట్టుకు మూడు చిన్న గిన్నెలు ఇవ్వండి. మొదటి దానిలో మామూలు నీరు, మిగిలిన రెండింటిలో 100 మిల్లీలీటర్ల నీటికి 1 గ్రాము చొప్పున సోడియం లారైల్ సల్ఫేట్ కలిపిన ద్రావణం పోయాలి. ఆ పొడి ముక్కులోకి పోతే మంట పుడుతుంది కాబట్టి ద్రావణాన్ని ఉపాధ్యాయులే ముందుగా, గాలి తగిలే చోట, పొడి ఎగరకుండా తయారుచేయాలి. పొడి దొరకని చోట రంగులేని గిన్నెల సబ్బు ద్రవాన్ని పది రెట్ల నీటిలో కలిపి వాడవచ్చు, ఫలితం కొంచెం తక్కువగా ఉంటుంది. ఒకే ఉల్లిగడ్డలోని ఒకే రెక్క నుంచి తీసిన పొరలను మూడు గిన్నెల్లోనూ వేయించండి, లేకపోతే తేడా డిటర్జెంటు వల్ల వచ్చిందో రెక్క వల్ల వచ్చిందో చెప్పలేము. రెండో గిన్నెలోని పొరను ఒక రోజు తరువాత, మూడో దానిని రెండు రోజుల తరువాత తీసి పరిశీలించాలి. నీటిలోని పొర నుంచి రెండు రోజులూ చిన్న ముక్కలు కత్తిరించి పక్కన పెట్టి చూడాలి.

తీసిన పొరను కనీసం మూడుసార్లు శుభ్రమైన నీటిలో కడిగిన తరువాతే రంగు వేయించండి. ఒక ఏడాది తొందరలో ఈ కడగడం మానేశాము. సబ్బు మిగిలి ఉన్న పొర మీద మిథిలీన్ బ్లూ చుక్క పడగానే, కేంద్రకాలకు అంటుకోవలసిన రంగు సబ్బుతో కలిసి ముదురు నీలి మచ్చలుగా పేరుకుపోయింది. ధనావేశం గల ఆ రంగు, రుణావేశం గల సబ్బు అణువులు ఒకదానినొకటి పట్టుకోవడమే దానికి కారణం. స్లైడ్లన్నీ పాడయ్యాయి గాని, కడగడం ఎంత ముఖ్యమో అంతకన్నా బాగా నేను చెప్పగలిగి ఉండేదాన్ని కాదు. అసలు ప్రయోగశాలలో మిగిలిపోయిన డిటర్జెంటు కొత్తగా వేసిన జీవకణాల త్వచాలను కూడా కరిగించి చంపుతుంది, అందుకే పరిశోధకులు కణాలను తొలగించడానికి పట్టిన శ్రద్ధనే కడగడంలోనూ చూపుతారు.

ఇప్పుడు సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మ గీయమనడంతో ఆపకండి, లెక్కపెట్టించండి. ఒక్కో స్లైడులో వరుసగా 100 కణాలను చూసి, వాటిలో ఎన్నింటికి కేంద్రకం స్పష్టంగా కనిపిస్తోందో రాయాలి. నీటిలోని పొరలో ఎక్కువ కణాల్లో కేంద్రకం కనిపిస్తుంది, డిటర్జెంటులోని పొరల్లో ఆ సంఖ్య పడిపోతుంది, గోడలు మాత్రం ఇటుకల వరుసలా అలాగే ఉంటాయి. అన్ని కేంద్రకాలూ పోలేదని ఏ జట్టైనా నిరాశపడితే, అదే అసలైన పరిశీలన అని చెప్పండి. వేరొకరి అవయవం నుంచి కణాలను తొలగించేటప్పుడు మిగిలిపోయిన కణపదార్థం రోగి వ్యాధినిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది కాబట్టి, ఎంత పోయిందన్న దానికన్నా ఎంత మిగిలిందన్నదే అక్కడ పెద్ద ప్రశ్న. 2008లో డోరిస్ టేలర్ బృందం ఎలుక గుండెను ఇదే రకం డిటర్జెంటుతో కడిగి, పాలిపోయిన కొల్లాజెన్ గూడును మాత్రం మిగిల్చి, దానిలో కొత్త కణాలు నింపింది. ఆ గూడు బలహీనంగానైనా కొట్టుకుంది. ఎలుక గుండెతో చేసిన పని మనిషి గుండెతో ఎందుకు కాలేదని పిల్లలు వెంటనే అడుగుతారు. అడగనివ్వండి, తరువాతి ప్రయోగం దానికోసమే.

పసుపు దిమ్మెలు

శరీరంలో చాలా కణాలు ఏదో ఒక రక్తకేశనాళికకు 100 నుంచి 200 మైక్రోమీటర్ల దూరంలోనే ఉంటాయి. మిల్లీమీటరులో పదో వంతు, ఐదో వంతు. ఆ దూరం దాటితే విసరణ ద్వారా అందే ఆక్సిజన్ చాలదు. ఈ మాటను బోర్డు మీద రాస్తే పిల్లలు దించుకుంటారు, మరిచిపోతారు. దిమ్మెలు కోసి చూపిస్తే మరిచిపోరు.

కిరాణా కొట్టులో చైనా గ్రాస్ పేరుతో దొరికే అగర్‌ను 500 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాములు వేసి పూర్తిగా కరిగే దాకా మరిగించి, చెంచాడు పసుపు కలిపి, 3 సెంటీమీటర్ల కన్నా కొంచెం ఎక్కువ ఎత్తు వచ్చేట్టు ఒక డబ్బాలో పోసి గడ్డకట్టనివ్వండి. దాని నుంచి 1, 2, 3 సెంటీమీటర్ల భుజం గల ఘనాలను కోయించండి. అర లీటరు నీటిలో రెండు చెంచాల బట్టల సోడా కలిపి, ఆ ద్రావణంలో ఘనాలను పూర్తిగా మునిగేట్టు వేయాలి. పసుపు క్షారం తగిలిన చోట ఎర్రబడుతుంది. హారతి పళ్లెంలో పసుపు, సున్నం కలిపిన నీళ్లు ఎర్రగా మారడం చూసిన పిల్లలకు ఇందులో వింత ఏమీ ఉండదు. కాని తరగతిలో సున్నం మాత్రం వాడకండి, అది కంటికి ఎంత ప్రమాదమో ఈ పాఠంలోనే ముందుకు రాబోతోంది. బట్టల సోడా ద్రావణంతో పనిచేసేటప్పుడు కూడా కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి.

ఎరుపు లోపలికి పాకడానికి సమయం పడుతుంది. ఉదయం మొదటి పీరియడ్‌లో వేసి మధ్యాహ్నం కోయడం అనువుగా ఉంటుంది. వాతావరణాన్ని బట్టి, ద్రావణం గాఢతను బట్టి వేగం మారుతుంది కాబట్టి ముందు రోజు ఒకసారి మీరు చేసి, ఎరుపు 5 మిల్లీమీటర్ల లోతుకు చేరడానికి ఎంత సేపు పడుతోందో చూసుకోండి. ఆ సమయానికి మూడు ఘనాలనూ సగానికి కోయిస్తే అసలు విషయం బయటపడుతుంది. ఎర్రటి అంచు మందం మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే. అయినా చిన్న ఘనం పూర్తిగా ఎర్రబడింది, 2 సెంటీమీటర్ల దానిలో నడుమ 1 సెంటీమీటరు పసుపు ఘనం, అంటే మొత్తంలో ఎనిమిదో వంతు, మిగిలింది, 3 సెంటీమీటర్ల దానిలో 27 వంతుల్లో 8 వంతులు, అంటే దాదాపు 30 శాతం, పసుపుగానే ఉండిపోయింది. ఆ పసుపు ముద్దే ఆక్సిజన్ అందక చనిపోయే కణాలని చెప్పి ఒక్క నిమిషం ఊరుకోండి. ఉపరితల వైశాల్యానికి ఘనపరిమాణానికి నిష్పత్తి 6, 3, 2గా తగ్గిపోవడాన్ని ఆ తరువాత లెక్క కట్టిస్తే, గణితం పీరియడ్‌లో చేసిన లెక్క జీవశాస్త్రంలోకి ఎందుకు వచ్చిందో విడిగా చెప్పవలసిన పని ఉండదు.

వీలైతే కొన్ని అదనపు దిమ్మెలను వేర్వేరు సమయాల్లో తీసి కోయించండి. ఎరుపు వెళ్లే దూరం రెట్టింపు కావడానికి సమయం రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగు రెట్లు పడుతుంది. విసరణ దగ్గరి దూరాలకు ఎంత చురుకైనదో, దూరం పెరిగే కొద్దీ ఎంత నిస్సహాయమో ఈ ఒక్క కొలత చెబుతుంది. గుండె, రక్తనాళాలు అనే ఏర్పాటు ఎందుకు అవసరమైందో రవాణా పాఠంలో చదివినప్పటి కన్నా ఇక్కడ బాగా తలకెక్కుతుందని నా అనుభవం.

ఇక పిల్లలు ఎక్కువగా ఇష్టపడే భాగం. ఒక్కో జట్టుకు 3 సెంటీమీటర్ల ఘనం, ఒక స్ట్రా ఇచ్చి, స్ట్రాతో రంధ్రాలు పొడిచి, అంతే సమయంలో ఘనమంతా ఎర్రబడేట్టు చేయమనండి. ఎవరు తక్కువ రంధ్రాలతో సాధిస్తే వారిది పైచేయి. మొదటి ప్రయత్నంలో చాలా జట్లు మధ్యలో ఒకే పెద్ద కన్నం పెడతాయి, మూలలకు దగ్గర్లో పసుపు మిగిలిపోతుంది. మరికొందరు కుప్పలుతెప్పలుగా పొడిస్తే ఘనం చేతిలోనే విరిగిపోతుంది. పోషకాలు అందేంత దగ్గరగా నాళాలు ఉండాలి, కణజాలం నిలబడేంత గట్టిదనమూ ఉండాలి. ఈ రెండింటి మధ్య పెనుగులాటే నేటి పరిశోధనలో సగం. త్రీడీ ప్రింటింగుతో పరిశోధకులు చేయాలనుకుంటున్నది ఈ రంధ్రాల అమరికనే, స్ట్రాకు బదులు వెంట్రుక కన్నా సన్నని నాళాలతో.

చికిత్సగా మారిన ఒక పరిశోధన

ఇంత చేసిన తరువాత, రక్తనాళాలు అసలు అక్కరలేని కణజాలం ఏదైనా మన శరీరంలో ఉందా అని అడగండి. మృదులాస్థి పేరు ఎవరో ఒకరు చెబుతారు. కార్నియా, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర, పేరు రాకపోతే, అద్దంలో తమ కంటి నల్లగుడ్డును చూసుకోమనండి. దాని మీద ఎర్రటి గీత ఒక్కటీ కనిపించదు. కార్నియాకు ఆక్సిజన్ కన్నీటి పొరలో కరిగిన గాలి నుంచి, పోషకాలు ఎక్కువగా కంటి లోపలి ద్రవం నుంచి అందుతాయి. దాని పైపొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. పసుపు దిమ్మెల లెక్కలో చూస్తే ఇంతకన్నా అనువైన కణజాలం దొరకదు.

ఈ పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తది వస్తుంది. కొత్త కణాలను ఇచ్చే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి, ఆ అంచును లింబస్ అంటారు. ఆమ్లం, క్షారం వంటివి పడి ఆ అంచు కాలిపోతే కార్నియా తనను తాను బాగుచేసుకోలేదు. పక్కనున్న తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా దాని మీదికి పాకి చూపును మూసేస్తుంది. కిళ్లీ కోసం అమ్మే సున్నం ప్యాకెట్లతో పిల్లలు ఆడుకుంటూ నొక్కినప్పుడు అది చిట్లి కంట్లో పడటం మన దేశంలో ఇలాంటి గాయాలకు ఒక కారణం. అలా జరిగితే ఆ క్షణమే శుభ్రమైన నీటితో ధారాళంగా, చాలాసేపు కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలని పాఠం ఆపి మరీ చెప్పండి. సిలబస్‌తో పని లేకుండా చెప్పవలసిన మాట ఇది.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి ఇలాంటి రోగులకు ప్రయోగశాలలో పెంచిన కణాలతో చికిత్స మొదలైంది. ఒక కన్ను మాత్రమే దెబ్బతిన్న రోగికి, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దానిని ఉమ్మనీటి సంచి పొర మీద ఉంచి, దాదాపు రెండు వారాలు పెంచి, అలా పరుచుకున్న కణాల పొరను దెబ్బతిన్న కంటికి అమర్చేవారు. కాన్పు తరువాత మాయతో పాటు బయటికి వచ్చే ఆ పొర, తల్లి అనుమతితో, పరీక్షలు చేసి శుభ్రపరిచి దాచినది, ఇక్కడ పందిరి అయింది. కణాలు ఎవరివి, పందిరి ఏది, ఆహారం ఎలా అందుతోంది అని పిల్లలను అడిగితే మూడింటికీ వారే జవాబు చెప్పగలుగుతారు. రోగి సొంత కణాలు కాబట్టి తిరస్కరణ భయం లేదన్న మాట కూడా వారి నుంచే వస్తుంది.

దీని తరువాతి అడుగు నాకు ఇంకా ఇష్టం. కణాలను పెంచే ప్రయోగశాల నడపడం ఖర్చుతో కూడిన పని, అన్ని ఊళ్లకూ సాధ్యం కాదు. 2012లో అదే సంస్థకు చెందిన వీరేందర్ సంగ్వాన్ బృందం మరో పద్ధతిని ప్రచురించింది. 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ముక్కను ఎనిమిది పది తునకలుగా కోసి, దెబ్బతిన్న కంటి మీద నేరుగా పరిచిన ఉమ్మనీటి పొరపై వాటిని జిగురుతో అతికించారు. కణాలు ప్రయోగశాలలో కాక కంటి మీదనే పెరిగాయి. నాటిన నారు పొలంలోనే పిలకలు వేసినట్టు. ఇంజనీరింగ్ అంటే ఎప్పుడూ మరింత పెద్ద యంత్రమే అక్కరలేదని, ఉన్న దానిలోంచి అనవసరమైన మెట్టును తీసేయడం కూడా ఇంజనీరింగేనని పిల్లలు దీని నుంచి గ్రహిస్తారు. 2022లో ఇదే సంస్థ, హైదరాబాదు ఐఐటీ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలతో కలిసి, మానవ కార్నియా నుంచి కణాలు తొలగించి తీసిన పదార్థంతో త్రీడీ ప్రింటింగు ద్వారా కార్నియాను తయారుచేసి కుందేలు కంటికి అమర్చినట్టు ప్రకటించింది. ఉల్లిపొర ప్రయోగం చేసిన పిల్లలకు "కణాలు తొలగించి" అన్న మాట దగ్గర తాము చేసిన పని గుర్తుకు వస్తుంది.

జీవకణాలతో ఏదైనా చేయాలని పిల్లలు పట్టుబడితే, ఈస్టు పూసలు చేయించండి. 2 శాతం సోడియం ఆల్జినేట్ ద్రావణంలో ఈస్టు కలిపి, సిరంజితో చుక్కలు చుక్కలుగా 2 శాతం కాల్షియం క్లోరైడ్‌లో వదిలితే చుక్క పడిన చోటనే పూస కడుతుంది. కడిగి చక్కెర నీళ్లలో వేస్తే కొంతసేపటికి బుడగలు వస్తాయి, కొన్ని పూసలు తేలుతాయి. జెల్ లోపల ఈస్టు బతికే ఉందన్నమాట. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ ఇచ్చే కణపుంజాలను 1980లో ఇలాంటి ఆల్జినేట్ గుళికల్లోనే ఉంచి మధుమేహం ఉన్న ఎలుకలకు ఇచ్చారు. మనుషుల కణాలను, రక్తాన్ని, బుగ్గ లోపలి గీకుడును పెంచే ప్రయత్నం బడిలో వద్దు.

ఎలుక చెవి దగ్గరికి

ఆ బొమ్మను ఇప్పుడు, ఐదో పీరియడ్‌లో, చూపించండి. అది జన్యుమార్పిడి అని, ఎలుక ఒంటి మీద మనిషి చెవి మొలిచిందని తరగతిలో సగం మంది అంటారు. కరిగిపోయే పాలిమర్ వలను మూడేళ్ల పిల్లవాడి చెవి ఆకారంలో మలిచి, దాని మీద ఆవుదూడ మృదులాస్థి కణాలను వేసి, ఎలుక చర్మం కింద పెట్టారని, 1997లో ఆ వ్యాసం వెలువడిందని చెప్పి, మిగిలినది వారి చేతనే విప్పించండి. ఆవు కణాలను ఎలుక శరీరం ఎందుకు తోసివేయలేదు? వ్యాధినిరోధక శక్తి లోపించిన, బొచ్చులేని ఎలుక కావడం వల్ల. మృదులాస్థినే ఎందుకు ఎంచుకున్నారు? ఆ జవాబు కోసం పసుపు దిమ్మెలను గుర్తుచేస్తే చాలు. ఒక జంతువును ఇలా వాడటం న్యాయమేనా అన్న ప్రశ్న కూడా వస్తుంది. దానికి ఉపాధ్యాయులు తీర్పు చెప్పకుండా, రెండు పక్షాల కారణాలనూ బోర్డు మీద రాయించడం మేలు.

తరువాత రెండు ఉదంతాలు పక్కపక్కన పెట్టండి. 2006లో ఆంథొనీ అటాలా బృందం ఏడుగురు యువ రోగులకు వారి సొంత కణాలతో పెంచిన మూత్రాశయ కణజాలాన్ని అమర్చినట్టు లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. కొందరిలో దాని చుట్టూ పొట్టలోని రక్తనాళాలు నిండిన కొవ్వుపొరను చుట్టారు. అలా ఎందుకు చుట్టారో పిల్లలు ఇప్పుడు చెప్పగలరు. ఆ వార్త వెలువడినప్పుడు ప్రపంచమంతా సంబరపడింది, కాని 2014లో వెలువడిన మరో పరీక్షలో ఇదే తరహా కణజాలం ఆశించిన మెరుగుదల చూపలేదు. రెండో ఉదంతం స్వీడన్‌ది. 2011లో పావొలో మాకియారిని అనే శస్త్రవైద్యుడు ప్లాస్టిక్ శ్వాసనాళానికి ఎముక మజ్జ కణాలు పట్టించి రోగులకు అమర్చి, అది సజీవ కణజాలంగా మారుతుందన్నాడు. ఆ గొట్టానికి రక్తం అందే దారి లేదు, గాలి, సూక్ష్మజీవులు నిత్యం తగిలే చోట దానిని పెట్టారు. రోగులు తీవ్రమైన బాధలకు గురయ్యారు, వారిలో చాలామంది చనిపోయారు. 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు అతనికి రెండున్నరేళ్ల జైలు శిక్ష విధించింది. పసుపు దిమ్మెను కోసి చూసిన పిల్లవాడు అడిగే ప్రశ్నను ఆ ఆసుపత్రిలో గట్టిగా అడిగి, జవాబు వచ్చే దాకా ఆగి ఉంటే ఎంత బాగుండేదోనని ఈ ఉదంతం చెప్పిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

మూలకణాలతో అన్ని రోగాలూ నయమవుతాయనే ప్రకటనలు పిల్లల ఇళ్లలోకి ఫోన్ల ద్వారా వస్తూనే ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి నిరూపితమైన చికిత్సలు మినహా, మూలకణాల వాడకం అనుమతి పొందిన పరీక్షల్లో భాగంగానే జరగాలి. అలాంటి ప్రకటన ఒకదానిని పేరు చెరిపి తెచ్చి, కణాలు ఎక్కడివి, ఎంతమందిలో పరీక్షించారు, ఫలితం ఎక్కడ ప్రచురించారు అన్న వివరాలు అందులో ఉన్నాయో లేవో పిల్లల చేత వెతికించండి.

మార్కులు ఎలా వేయాలి

నిర్వచనాలు అడిగే పరీక్ష ఈ పాఠానికి పెట్టకండి. ఆరో పీరియడ్‌లో మొదటి రోజు ప్రశ్ననే మళ్లీ ఇచ్చి, ఇరవై నిమిషాల్లో రాయమనండి. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయన్న సమాచారాన్ని ప్రశ్నలోనే ఇచ్చేయండి, జ్ఞాపకశక్తిని ఇక్కడ పరీక్షించనక్కరలేదు. నేను పది మార్కుల్లో నాలుగు రక్తప్రసరణ గురించి కారణంతో సహా రాసినవారికి, మూడు మూత్రపిండంలో అనేక రకాల కణాలు తమ తమ చోట్లలో కచ్చితంగా అమరవలసి ఉందని గుర్తించినవారికి, రెండు తాము చేసిన ప్రయోగం నుంచి ఒక కొలతను ఆధారంగా చూపినవారికి, ఒకటి చిత్రానికి ఇస్తాను. ఇప్పటికిప్పుడు ఆ తాతయ్యకు ఏమి చేయవచ్చో, డయాలసిస్ గురించో, జీవన్‌దాన్ పథకం ద్వారా జరిగే అవయవదానం గురించో రాసినవారికి ఆ పదికి పైన మరొక మార్కు వేస్తాను.

దిద్దిన తరువాత, దాచి ఉంచిన మొదటి రోజు కాగితాన్ని దీనికి జతచేసి రెండూ కలిపి తిరిగి ఇవ్వండి. రెండింటి మధ్య తేడా ఏమిటో పిల్లలే కాగితం వెనుక రెండు వాక్యాల్లో రాయాలి. ఆ వాక్యాలను చదివి, వచ్చే ఏడాది ఏ ప్రయోగానికి ఎక్కువ సమయం ఇవ్వాలో నేను నిర్ణయించుకుంటాను. గత సంవత్సరం ఎక్కువ మంది స్ట్రా రంధ్రాల గురించి రాశారు కాబట్టి ఈసారి దానికి పూర్తి పీరియడ్ కేటాయించాను.